స్మూతీ బౌల్‌కి కొన్ని తలకిందుల సలహాలు

ఇంట్లో స్మూతీ బౌల్ చేసుకోవాలనుకునేవాళ్ళకు దొరికే సలహాలన్నీ ఒకే దారిలో పోతాయి. మెత్తగా పట్టండి. పళ్ళు ఎన్ని రకాలుంటే అంత మంచిది. పంచదార వద్దు, తేనె పోయండి. పైన బాదం, చియా, బ్లూబెర్రీ చల్లండి. పొద్దున టిఫిన్‌తోపాటు ఒక గిన్నెడు తినండి. నేను చెప్పబోయేవి వీటికి అడ్డంగా ఉంటాయి. వినగానే "ఇదేం సలహా?" అనిపించవచ్చు. అయినా ఇందులో ఒక్కటి కూడా సరదాకి చెప్పడం లేదు. పళ్ళూ పెరుగూ గింజలూ కలిసిన గిన్నె నిజంగా ఒంటికి మేలు చేయాలంటే ఇలాగే చేయాలి.

అసలు ఈ గిన్నె ఎక్కణ్ణించి వచ్చిందో తెలిస్తే సగం అయోమయం పోతుంది. బ్రెజిల్‌లో అమెజాన్ నది సముద్రంలో కలిసేచోట పారా రాష్ట్రం ఉంది, దాని రాజధాని బెలేం. అక్కడివాళ్ళు అసాయీ అనే తాటిజాతి చెట్టు పళ్ళను పిసికి, చిక్కటి ఊదారంగు గుజ్జు తీసి, కర్రపెండలం పిండితో, వేయించిన చేపతో, ఎండు రొయ్యలతో భోజనంగా తింటారు. ఆ పండులో తీపి దాదాపు లేదు, ఉన్నదల్లా కొవ్వూ పీచూ. కోసిన పండు ఒక రోజు దాటితే పాడవుతుంది కాబట్టి దూరప్రాంతాలకు గుజ్జును గడ్డకట్టించి పంపారు. అది రియో చేరాక అందులో అరటిపండు, గువరానా అనే గింజల పాకం పడ్డాయి. కసరత్తు చేసే కుర్రాళ్ళు, సముద్రపుటలల మీద ఆడేవాళ్ళు దాన్ని ఇష్టపడ్డారు. తర్వాత హవాయి, కాలిఫోర్నియా చేరేసరికి గ్రనోలా, తేనె తోడయ్యాయి. మన ఊళ్ళ కేఫెలకు వచ్చింది ఆ చివరి రూపం. బెలేం వాళ్ళ భోజనం దారి పొడుగునా తీపి పోసుకుంటూ వచ్చి మిఠాయి దగ్గర ఆగింది. దాన్ని మళ్ళీ భోజనం వైపు తిప్పడమే ఈ సలహాల పని.

సగం పండుని మిక్సీకి ఇవ్వకండి

స్మూతీ అంటేనే మిక్సీ కదా అంటారు. నిజమే, కానీ గిన్నెలో పడే పండులో సగమే మిక్సీలోకి వెళ్ళాలి. మిగతా సగం ముక్కలుగానే ఉండాలి, నమిలితేగాని లోపలికి పోనంత పెద్ద ముక్కలుగా.

దీనికి గట్టి కారణం ఉంది. 1977లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ పరిశోధకులు లాన్సెట్ పత్రికలో ఒక చిన్న ప్రయోగం ప్రచురించారు. అవే ఆపిల్స్‌ని మనుషులకు మూడు రకాలుగా ఇచ్చారు: పండుగా, గుజ్జుగా, రసంగా. పండు తినడానికి పట్టిన సమయంలో పదకొండో వంతులో రసం అయిపోయింది. గుజ్జుతో పోల్చినా రసం నాలుగు రెట్లు వేగంగా దిగింది. కడుపు నిండిన భావన పండు తిన్నప్పుడు ఎక్కువ, గుజ్జుతో తక్కువ, రసంతో మరీ తక్కువ. తిన్నది అవే ఆపిల్స్, మారింది తినే వేగం.

మిక్సీ బ్లేడు పీచుని చంపేస్తుందని కొందరు భయపెడతారు. అది సరికాదు. వడకట్టనంత వరకు పీచు గిన్నెలోనే ఉంటుంది, ముక్కలు చిన్నవవుతాయి, అంతే. అసలు ఇబ్బంది నోటి దగ్గర ఉంది. రెండు అరటిపళ్ళు, ఒక మామిడిపండు, గుప్పెడు ద్రాక్ష వరసగా నమిలి తినమంటే సగంలోనే చాలనిపిస్తుంది. అవే రుబ్బి ఇస్తే ఐదు నిమిషాల్లో గిన్నె ఖాళీ.

కాబట్టి ఒక మనిషికి కొలత ఇదీ. గడ్డకట్టిన అరటిపండు ఒకటి, నాలుగైదు పెద్ద చెంచాల చిక్కటి పెరుగు. మిక్సీలోకి ఇంతే. పైన సగం జామకాయ ముక్కలు, లేదా సగం ఆపిల్ తొక్కతో సహా, లేదా గుప్పెడు దానిమ్మ గింజలు. చెంచా పెడితే నిలబడాలి. జారిపోతుంటే అది గ్లాసులో తాగాల్సింది, గిన్నెలో తినాల్సింది కాదు.

మన ఇళ్ళలో ఉండేది ఇడ్లీ పిండీ పచ్చళ్ళూ పట్టే మిక్సీ, గడ్డకట్టిన పళ్ళ కోసం చేసిన యంత్రం కాదు. పెద్ద జారులో వేస్తే ముక్కలు గోడలకు అంటుకుని బ్లేడు ఉత్తినే తిరుగుతుంది. చట్నీ జారు తీసుకోండి. ముక్కల్ని ఫ్రీజర్ నుంచి తీశాక ఐదు నిమిషాలు బయట ఉంచండి. అడుగున పెరుగు, దాని మీద పండు వేయండి. ఒక్కసారిగా తిప్పకుండా ఆపి ఆపి నొక్కుతూ, మధ్యలో చెంచాతో కిందికి తోయండి. మోటారు వేడెక్కి ఆగిపోతే కంగారు పడనక్కర్లేదు, కాసేపు చల్లారనిచ్చి మిక్సీ అడుగున ఉండే ఎర్ర బటన్ నొక్కితే మళ్ళీ తిరుగుతుంది. తిరగడం లేదని నీళ్ళు మాత్రం పోయకండి. ఐసుముక్కలు అసలే వద్దు, కరిగి గిన్నెను పలచన చేసి రుచిని చప్పగా మారుస్తాయి.

మాగిపోయిన అరటిపండు అడిగి కొనండి

"అమ్మా, అవి బాగా మాగిపోయాయి, ఈ కొత్త గెలలోవి తీసుకోండి" అని బండివాడు మంచి మనసుతో చెబుతాడు. వద్దనండి. తొక్క మీద గోధుమరంగు మచ్చలు పడిన అమృతపాణి, కర్పూర అరటి ఈ గిన్నెకి సరైన సరుకు. పచ్చి అరటిలో పిండిపదార్థం ఎక్కువ, పండేకొద్దీ అది చక్కెరగా మారుతుంది. మచ్చలు పడిన పండులో ఆ మార్పు దాదాపు పూర్తయి ఉంటుంది. అందుకే ఆ పండు ఉన్న గిన్నెకి వేరే తీపి అక్కర్లేదు. ధరా తగ్గుతుంది, బండివాడికి పారేసే బెడదా తప్పుతుంది. రావులపాలెం మార్కెట్‌కి దగ్గర్లో ఉన్నవాళ్ళకైతే ఇలాంటి పళ్ళకు కొదవే లేదు.

మచ్చలకూ కుళ్ళుకూ తేడా చూసుకోవాలి. తొక్క నల్లబడినా లోపల గుజ్జు తెల్లగా, గట్టిగా ఉంటే మంచిదే. గుజ్జు నీరుకారుతున్నా, పులిసిన వాసన వస్తున్నా, కాడ దగ్గర బూజు ఉన్నా పారేయండి. ఆకుపచ్చ చక్కెరకేళి పండినా తొక్క అంత పసుపురంగుకి రాదు కాబట్టి దాన్ని చేత్తో నొక్కి, వాసన చూసి తేల్చుకోవాలి.

తెచ్చిన రోజే తొక్క తీసి, అంగుళం మందాన చక్రాలుగా కోసి, స్టీలు పళ్ళెంలో ఒకదానికొకటి తగలకుండా పరిచి ఫ్రీజర్లో పెట్టండి. గట్టిపడ్డాక డబ్బాలోకి మార్చండి. తొక్కతో పెడితే తొక్క నల్లబడి, గుజ్జుకి అతుక్కుని, తీయడం నరకం. అలా గడ్డకట్టిన అరటి మిక్సీలో తిరిగితే పాలూ క్రీమూ లేకుండానే ఐస్‌క్రీములా నున్నగా వస్తుంది, అందులోని పెక్టిన్ చేసే మేలు అది.

తేనె సీసా మూత తీయకండి

ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యమైన సలహా. పంచదార మానేశాం, తేనె వాడుతున్నాం కాబట్టి ఆరోగ్యమే అనుకునే ఇళ్ళు చాలా ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లో తేనెను, పాకాలను, పళ్ళరసాలను పంచదారతోపాటు ఒకే గాటన కట్టింది. ఇవన్నీ కలిపి రోజు మొత్తం శక్తిలో పది శాతం లోపు ఉండాలంది, ఐదు శాతం లోపుంటే ఇంకా మేలంది. ఆ ఐదు శాతం అంటే పెద్దవాళ్ళకు సుమారు 25 గ్రాములు. రెండు పెద్ద చెంచాల తేనెలో దాదాపు 34 గ్రాముల చక్కెర ఉంటుంది. అంటే పొద్దున ఎనిమిదింటికే రోజు లెక్క దాటిపోయింది, ఇంకా కాఫీ తాగనేలేదు.

బెల్లం పాకమైనా అంతే. ఖర్జూరం పీచు ఉన్న పండే, కానీ ఎండు ఖర్జూరం బరువులో మూడింట రెండు వంతులు చక్కెరే. ఒకటి ముక్కలు చేసి పైన వేసుకుంటే తప్పులేదు, ఐదారు నానబెట్టి రుబ్బడం వేరే సంగతి. ప్యాకెట్ పళ్ళరసంతో పలచన చేయమనే సలహా వినకండి. రుచి పెట్టిన బజారు పెరుగు కొనకండి, అందులో చక్కెర ముందే కలిపి ఉంటుంది.

ఇంట్లో తోడుపెట్టిన పెరుగు తీసుకోండి. దాన్ని పలచటి బట్టలో మూటకట్టి రెండు గంటలు వేలాడదీస్తే నీరు దిగి చిక్కబడుతుంది. గ్రీకు పెరుగు పేరుతో ఎక్కువ ధరకు అమ్మేది దాదాపు ఇదే. దిగిన నీటిని చపాతీ పిండి కలపడానికో మజ్జిగ పులుసులోకో వాడుకోండి. పెరుగు ఆ రోజుదై ఉండాలి, పులిస్తే ఎంత పండు వేసినా తీపి చాలదనిపిస్తుంది, చెయ్యి తేనె సీసా వైపు పోతుంది.

తీపి తగ్గిందనిపించినప్పుడు చేయాల్సింది ఒకటే: చిటికెడు ఉప్పు వేయండి. జామకాయకు ఉప్పూ కారం అద్దుకుని తినే మనకు ఇది కొత్త కాదు. ఉప్పు కొద్దిగా తగిలితే పండు తీపి పైకి తేలుతుంది. వేయించిన జీలకర్ర పొడి కూడా మామిడిపండు గిన్నెలో బ్రహ్మాండంగా ఉంటుంది.

బాదం పక్కన పెట్టి పల్లీ వేయండి

బాదం మంచిదే. విటమిన్ ఇ, కాల్షియం పల్లీలో కన్నా ఎక్కువ. కానీ ప్రోటీన్ చూస్తే 100 గ్రాముల పల్లీల్లో 25 గ్రాముల వరకు ఉంటుంది, బాదంలో 20కి అటూ ఇటూ. ధర పోలికే లేదు. అనంతపురం నేల మీద ఇన్ని తరాలుగా పండుతున్న గింజను వదిలేసి, ఖరీదు వల్ల వారానికి రెండుసార్లే వేసుకోగలిగే గింజ కోసం చూడటం నాకు నచ్చదు. రోజూ వేయగలిగిందే ఒంటికి పడుతుంది.

పల్లీల్ని సన్నటి సెగ మీద వేయించి, పొట్టు తీయకుండా కచ్చాపచ్చాగా దంచి పెట్టుకోండి. మనిషికి 15 గ్రాములు, అంటే చిన్న గుప్పెడు చాలు. గింజలన్నీ నూనె నిండినవి, చేతికొచ్చినంత చల్లితే గిన్నె రెండు పూటల తిండి అవుతుంది. దంచే ముందు ఏరండి. ముడతలు పడ్డవి, నల్లబడ్డవి, బూజు వాసన వచ్చేవి, చేదుగా తగిలేవి పారేయండి. బూజు వల్ల వచ్చే అఫ్లాటాక్సిన్ కాలేయానికి విషం, వేయించినంత మాత్రాన అది పూర్తిగా పోదు.

చియా గింజలు మెక్సికో వైపు నుంచి వచ్చినవి. నానితే ఉబ్బి జిగురుపట్టే గుణం మన సబ్జా గింజలకూ ఉంది, అవి ఏ కిరాణా కొట్టులోనైనా దొరుకుతాయి. ఏవి వేసినా నానబెట్టాకే వేయండి. అవిసె గింజల్ని మాత్రం నానబెట్టడం కాదు, దోరగా వేయించి పొడి చేయాలి. గింజగా మింగితే చాలావరకు అలాగే బయటికి పోతుంది. నువ్వులు ఒక చెంచా చల్లండి, పొట్టు తీయనివైతే కాల్షియం బాగా ఉంటుంది.

కరకరలాడటానికి గ్రనోలా కొనాలంటారు. పెట్టె వెనక చదవండి, చాలావాటిలో ఓట్స్ తర్వాత వరసలో ఉండేవి చక్కెరా నూనే. తొలి ఏకాదశికి పేలాల పిండి చేసుకునే ఇళ్ళకు వేరే దారి చెప్పనక్కర్లేదు. జొన్న పేలాలు రెండు గుప్పెళ్ళు పైన వేస్తే చాలు. అవి దొరక్కపోతే నూనె లేకుండా వేయించిన అటుకులు. ఏదైనా తినేముందే వేయాలి, లేకపోతే మెత్తబడుతుంది.

రెండు పళ్ళు దాటనివ్వకండి

ఏడు రకాల పళ్ళు వేస్తే ఏడు రకాల పోషకాలు అనే లెక్క వినసొంపుగా ఉంటుంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో 2000 కెలొరీల రోజు భోజనానికి సూచించింది 100 గ్రాముల పండు, 400 గ్రాముల కూరగాయలు. ఒక అరటిపండు, సగం జామకాయ వేస్తేనే ఆ వంద గ్రాములు దాటాం. రకాలు కావాలంటే గిన్నె మార్చి గిన్నెకు మార్చండి, ఒకే గిన్నెలో కుక్కకండి.

పైగా పళ్ళన్నీ ఒకదానితో ఒకటి పొసగవు. పచ్చి అనాసపండులో బ్రొమిలైన్ అనే ఎంజైము ఉంది, పెరుగులోని ప్రోటీన్‌ని అది విరగ్గొడుతుంది. కలిపి పావుగంట వదిలేస్తే గిన్నె చేదెక్కుతుంది. బొప్పాయి, కివీ కూడా ఇలాంటి పని చేస్తాయి. అనాస మీద మనసైతే ముక్కల్ని నాలుగైదు నిమిషాలు ఉడికించి చల్లార్చండి, లేదా పెరుగు లేకుండా చేయండి. అప్పటికప్పుడు తినేస్తాననుకుంటే ముక్కలుగా పైన వేసుకోండి.

అరటిపండుకి వేరే గుణం ఉంది. కోసిన అరటి నల్లబడేలా చేసే ఎంజైము పాలీఫినాల్ ఆక్సిడేజ్. బెర్రీల్లాంటి పళ్ళలో ఉండే ఫ్లేవనాల్స్ అనే మేలుచేసే పదార్థాలను కూడా అది దెబ్బతీస్తుంది. 2023లో బ్రిటన్ రీడింగ్ విశ్వవిద్యాలయం, అమెరికా కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్ళు కలిసి ప్రచురించిన పరిశోధనలో, అరటి స్మూతీ తాగినవాళ్ళ ఒంట్లోకి చేరిన ఫ్లేవనాల్స్, మాత్రగా తీసుకున్నప్పటికన్నా 84 శాతం తక్కువగా కనిపించాయి. బెర్రీల స్మూతీతో ఆ నష్టం లేదు. అరటి చెడ్డదని దీని అర్థం కాదు, పొటాషియమూ పీచూ దానిలో ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. కానీ ఫ్లేవనాల్స్ కోసమే ఖరీదైన బ్లూబెర్రీలు కొని వాటిని అరటితో రుబ్బడం డబ్బు దండగ. నల్ల ద్రాక్షో బెర్రీలో వేసేరోజు అరటికి సెలవిచ్చి, మామిడి గుజ్జూ పెరుగూ వాడండి. పెరుగన్నంలో మామిడిపండు నంజుకుని పెరిగినవాళ్ళకు ఆ జంట రుచి చెప్పనక్కర్లేదు.

సీతాఫలం దగ్గర మాత్రం జాగ్రత్త. దసరా నుంచి దీపావళి దాటేదాకా మహబూబ్‌నగర్ బాలానగర్ కాయలు గంపలకొద్దీ వస్తాయి, వాటి గుజ్జు ఈ గిన్నెకి ఎంతో బాగుంటుంది. గింజలు మాత్రం విషం. నోట్లోకి పోయిన గింజ అలాగే బయటికి పోతుందేమో గానీ మిక్సీలో నలిగిన గింజ అలా పోదు. జల్లెడలో వేసి గరిటెతో రుద్దితే గుజ్జు కిందికి దిగుతుంది, గింజలు పైన మిగులుతాయి. వాటిని లెక్కగా ఏరి పారేశాకే మిక్సీ దగ్గరికి వెళ్ళండి. ఆపిల్ గింజలూ తీసేయండి.

ఎండాకాలం బంగినపల్లి, జూన్‌లో నేరేడు, వానాకాలం దాటాక సీతాఫలం, చలికాలం జామ, ఏడాది పొడుగునా అరటీ బొప్పాయీ సపోటా. జామకాయలో విటమిన్ సి నారింజకన్నా నాలుగు రెట్లు ఎక్కువ. విమానమెక్కి వచ్చే పళ్ళ అవసరం ఈ ఏడాదిలో ఎక్కడా కనిపించడం లేదు. మామిడిని మాత్రం కాయగా కొని ఇంట్లో బియ్యం డబ్బాలోనో గడ్డిలోనో మాగబెట్టుకోండి. కార్బైడ్‌తో మాగబెట్టడం మన దేశంలో నిషేధం, అయినా బజారులో అది పూర్తిగా ఆగలేదు.

టిఫిన్ మానేసి తినండి

మూడు ఇడ్లీలు తిని, ఆరోగ్యం కోసం స్మూతీ బౌల్ కూడా తినడం వల్ల ఇడ్లీ ఆరోగ్యం పెరగదు. పెరుగు, పండు, పల్లీ, నువ్వులు, పేలాలు పడిన గిన్నె తనంతట తానే పూర్తి టిఫిన్. ఇడ్లీ తిన్న రోజు ఇది వద్దు, ఇది తిన్న రోజు ఇడ్లీ వద్దు. రాత్రి భోజనం తర్వాత తీపి కింద తినడమూ వద్దు. మధ్యాహ్నం దాకా ఆకలి ఆగడం లేదంటే పండు పెంచకండి, పెరుగూ పల్లీలూ పెంచండి. వారానికి రెండు మూడు రోజులు చాలు, మిగతా రోజులకు పెసరట్టు ఉంది.

ఇంట్లో అందరికీ పెట్టకండి

ఏడాది నిండని పసిబిడ్డకు తేనె తగలనివ్వకండి, బొట్టు కూడా. తేనెలో ఉండగల బొటులిజం బీజాలను ఆ వయసు పేగులు తట్టుకోలేవు. ఐదేళ్ళలోపు పిల్లలకు పల్లీ, బాదం గింజగా పెట్టకండి, గొంతుకు అడ్డం పడతాయి. మెత్తగా పొడిచేసి కలపండి. పల్లీ పడక దద్దుర్లు వచ్చేవాళ్ళుంటే ఆ ఇంట్లో జారు కూడా విడిగా ఉండాలి.

షుగరున్నవాళ్ళు మచ్చలు పడిన అరటి సలహా పాటించకండి. మీ గిన్నెకి అడుగు పెరుగు, పైన జామ ముక్కలో నేరేడో, పల్లీలు, అవిసె పొడి. అరటి కావాలంటే తక్కువ పండింది సగం, అదీ రుబ్బకుండా ముక్కలుగా. తిన్న రెండు గంటలకు గ్లూకోమీటర్‌తో చూసుకోండి, మీ ఒంటికి ఏది పడుతుందో ఆ అంకె చెబుతుంది.

మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళ సంగతి వేరు. అరటి, మామిడి, సపోటా, గింజలు, పలచన చేయడానికి కొందరు పోసే కొబ్బరినీళ్ళు, అన్నిట్లోనూ పొటాషియం ఉంది. ఆ జబ్బులో పొటాషియం రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. డయాలిసిస్ చేయించుకుంటున్న పెద్దాయనకు "ఆరోగ్యమే కదా" అని ప్రేమగా ఈ గిన్నె అందించేవాళ్ళు ఉంటారు. దయచేసి ముందు ఆయన డాక్టర్ని అడగండి.